జపాన్‌లోని చవకైన సుషీ దుకాణంలో తృప్తిగా భోజనం చేయడం ఎలా

సుషీ చేతికి అందిన నిమిషంలోనే తినవలసిన పదార్థం. మనిషి ఒంటి వేడికి దగ్గరగా గోరువెచ్చగా ఉన్న వెనిగర్ అన్నం, దాని మీద చల్లని చేప ముక్క, ఈ రెండూ ఒకేసారి నాలుకకు తగలడంలోనే దాని రుచి ఉంది. కాసేపు ఆగితే అన్నం చల్లారి గట్టిపడుతుంది, చేప వెచ్చబడి నీరు వదులుతుంది, చుట్టూ ఉన్న నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, కరకరలాడడం మాని సాగుతుంది. ఖరీదైన దుకాణంలో వంటవారు మన ఎదుటే నిలబడి, ఒకటి తిన్నాక మరొకటి చేసి పెడతారు కనుక ఆ వేళను కనిపెట్టుకునే పని వారిదే. జపాన్‌లో ప్రతి పేటలోనూ కనిపించే చవకైన దుకాణాలలో, ముఖ్యంగా ప్లేట్లు బెల్టు మీద తిరిగే కైతెన్‌జుషీ దుకాణాలలో, ఆ పని తినేవారి మీద పడుతుంది. ఎప్పుడు వెళ్లాలి, ఒక్కసారికి ఎన్ని తెప్పించుకోవాలి, దేనితో మొదలుపెట్టాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు ఈ విషయం గుర్తుంటే చాలు, జవాబులు దాదాపుగా వాటంతటవే దొరుకుతాయి.

చవకైన చోట తింటున్నామన్న సంకోచం అక్కరలేదు. ఇప్పుడు మనం చూసే నిగిరి సుషీ, అంటే చేతితో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చే రకం, 1820ల ప్రాంతంలో ‘ఎదో’ అనే పేరున్న నగరంలో, అంటే నేటి టోక్యోలో, వ్యాప్తిలోకి వచ్చింది. దానికి పేరు తెచ్చినవారిలో హనాయా యోహేయిని ముందుగా చెబుతారు. పనికి వెళ్లేవారు బండి దగ్గర నిలబడి రెండు మూడు ముక్కలు చేతితో తిని వెళ్లిపోయే తిండి అది. బెల్టు పద్ధతి కూడా సామాన్యుల కోసం పుట్టినదే. షిరాయిషి యోషియాకి అనే దుకాణదారుడు బీరు కర్మాగారంలో సీసాలు కన్వేయర్ బెల్టు మీద కదలడం చూసి, తక్కువ మంది పనివారితో ఎక్కువ మందికి సుషీ అందించవచ్చని గ్రహించి, 1958లో ఒసాకా పక్కనున్న ఫుసెలో మొదటి తిరిగే సుషీ దుకాణం తెరిచాడు. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో అది లక్షలాది మంది కంటపడి దేశమంతా పాకింది. సుషిరో, కురా సుషీ, హమా సుషీ, కప్పా సుషీ వంటి పెద్ద సంస్థల శాఖలు ఇప్పుడు దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. 1981లో సుజుమో సంస్థ తెచ్చిన అన్నం ముద్దలు చేసే యంత్రం, తర్వాత వచ్చిన దాని వారసులు ఈ దుకాణాల వంటగదుల్లో పనిచేస్తున్నాయి. అందువల్ల అన్నం ఒత్తడంలో ఒక శాఖకూ మరో శాఖకూ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఆ ముద్ద యంత్రం నుంచి బయటికి వచ్చి మన నోటికి చేరేదాకా గడిచిన సమయంలోనే ఉంటుంది.

ధర విషయంలో ఒక పాత అంచనాను వదులుకోవాలి. చాలా ఏళ్లపాటు ఒక ప్లేటు 100 యెన్లు, పన్ను అదనం అన్నదే ఈ దుకాణాల గుర్తుగా ఉండేది. చేపల ధరలు పెరిగి, యెన్ విలువ పడిపోయిన 2022లో ఆ రోజులు చాలావరకు ముగిశాయి. ఆ ఏడాది అక్టోబరులో సుషిరో తన శివారు శాఖలలో పన్నుతో కలిపి 110 యెన్లుగా ఉన్న కనిష్ఠ ధరను 120 యెన్లకు పెంచింది. నగరం నడిబొడ్డున ఉన్న శాఖలలో అదే ప్లేటుకు ఇంకా ఎక్కువ తీసుకుంటారు కనుక, డబ్బు ఆదా చేయదలచినవారు పెద్ద స్టేషన్లకు ఆనుకుని ఉన్న శాఖను వదిలి, రెండు మూడు స్టేషన్ల అవతల ఇళ్ల మధ్య ఉన్న శాఖకు వెళ్లడం మంచిది. ప్లేటులో సాధారణంగా రెండు ముక్కలు ఉంటాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న ట్యూనా, సముద్రపు ఉర్చిన్ వంటి ఖరీదైన రకాలు ఒక్క ముక్కే వస్తాయి కనుక, ధరతో పాటు మెనూ బొమ్మలో ఎన్ని ముక్కలున్నాయో కూడా చూసుకోవాలి.

వెళ్లడం, కూర్చోవడం

శని, ఆదివారాలలో రాత్రి ఆరు నుంచి ఎనిమిది మధ్య కుటుంబాలన్నీ ఇక్కడికే వస్తాయి, గంటకు పైగా వేచి ఉండవలసిన శాఖలు ఉంటాయి. సంస్థ యాప్‌లో ముందుగా వేళ నమోదు చేసుకుంటే ఆ నిరీక్షణ తప్పుతుంది. పనిదినాలలో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు సీటు సులభంగా దొరుకుతుంది, కానీ ఆ వేళలో తినేవారు తక్కువ కనుక బెల్టు మీద తిరుగుతున్న ప్లేటు ఎంతసేపటి నుంచి తిరుగుతోందో చెప్పలేం. నా అభిప్రాయంలో పనిదినం ఉదయం పదకొండు, పదకొండున్నరకు, భోజన వేళ మొదలవుతుండగా వెళ్లడం అన్నిటికన్నా ఉత్తమం. జనం ఇంకా నిండరు, వంటగది మాత్రం పూర్తి వేగం అందుకుని ఉంటుంది.

గుమ్మం దగ్గర మనిషికి బదులు ఒక యంత్రం ఉంటుంది. ఎంతమంది, పొడవాటి కౌంటరు కావాలా బల్ల కావాలా అని అది అడుగుతుంది, చాలా శాఖలలో భాష మార్చుకునే వీలూ ఉంది. టోకెన్ తీసుకుని, సంఖ్య తెర మీద కనిపించినప్పుడు లేదా పిలిచినప్పుడు, చీటీ మీద ముద్రించిన సీటుకు నేరుగా వెళ్లి కూర్చోవాలి. లోపలికి అడుగు పెట్టగానే పనివారు గట్టిగా చెప్పే స్వాగత వాక్యానికి బదులు పలకనవసరం లేదు, చిన్నగా తల వంచితే చాలు. ఒంటరిగా వెళ్లినవారు కౌంటరునే అడగాలి, అది త్వరగా దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే బల్ల సౌకర్యం, కానీ బెల్టు పక్కన కూర్చున్నవారే అందరికీ ప్లేట్లు అందించవలసి వస్తుంది కనుక ఆ స్థానంలో ఓపిక ఉన్నవారిని కూర్చోబెట్టాలి.

సీటు దగ్గరే సమస్తమూ అమర్చి ఉంటుంది. డబ్బాలో ఆకుపచ్చ టీ పొడి, కప్పులు, వేడినీళ్ల కుళాయి, సోయా సాస్, వెనిగర్‌లో ఊరవేసిన అల్లం, చాప్‌స్టిక్స్. కుళాయి నల్లని మీట రూపంలో ఉంటుంది, కప్పు అంచుతో దాన్ని నొక్కితే నీళ్లు వస్తాయి. అవి మరుగుతున్నంత వేడిగా ఉంటాయి కనుక దాన్ని చేతులు కడుక్కునే కుళాయి అనుకోకూడదు, చిన్న పిల్లలను దానికి దూరంగా కూర్చోబెట్టాలి. టీ పొడి ఒక చిన్న చెంచాడు వేసి నీళ్లు పోస్తే సరిపోతుంది. ఈ టీకి వెల లేదు, ఎన్నిసార్లు అయినా కలుపుకోవచ్చు. కొవ్వు చేప తిన్న తర్వాత నాలుక మీద మిగిలే జిడ్డును చన్నీళ్లకన్నా వేడి టీ బాగా కడిగేస్తుంది కాబట్టి మొదటి ప్లేటు రాకముందే ఒక కప్పు కలిపి పెట్టుకోవడం మంచిది.

ఆర్డరు చేయడం

ఒక్క సలహా మాత్రమే ఇవ్వమంటే నేను ఇదే చెబుతాను: తిరుగుతున్నదాన్ని తీసుకోవడంకన్నా సీటు దగ్గరి తెర మీద ఆర్డరు చేసి తెప్పించుకోండి, అదీ ఒక్కొక్కరికి ఒక్కసారికి రెండు ప్లేట్లకు మించకుండా. ఆర్డరు పెట్టిన ప్రతిదాన్నీ అప్పటికప్పుడు చేసి, వేరే వరుసలో మన బల్ల ముందుకు పంపుతారు. చేరగానే తెర మోగుతుంది. ఆకలితో ఉన్నప్పుడు ఎనిమిది ప్లేట్లు ఒకేసారి నొక్కేయాలనిపించడం సహజం, కానీ మొదటి రెండు తినేలోగా మిగిలిన ఆరూ బల్ల మీద వెచ్చబడుతూ, ఎండిపోతూ ఉంటాయి. అదే డబ్బుకు అదే చేపను సగం రుచితో తిన్నట్లవుతుంది. రెండు తెప్పించుకోవాలి, అవి రాగానే తినాలి, తింటున్నప్పుడే తర్వాతి రెండూ నొక్కాలి. మధ్యలో వచ్చే రెండు మూడు నిమిషాల విరామంలో కడుపు నిండుతున్న సంగతి కూడా తెలుస్తుంది. పెద్దవారికి ఎనిమిది నుంచి పది ప్లేట్లు చాలాసార్లు సరిపోతాయి. అన్నం ఎక్కువనిపించేవారి కోసం ముద్దను సగానికి తగ్గించే ఎంపిక కొన్ని సంస్థల తెర మీదే ఉంటుంది, ఎక్కువ రకాలు రుచి చూడదలచినవారు దాన్ని తప్పక వాడుకోవాలి.

వసాబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద సంగతి ముందే తెలుసుకోవాలి. పిల్లలు ఎక్కువగా వచ్చే చోటు కావడంతో చాలా సంస్థలు ఇప్పుడు వసాబి లేకుండానే సుషీ చేసి, చిన్న పొట్లాలను విడిగా ఉంచుతున్నాయి. కావలసినవారు చేప మీద కాస్త అద్దుకోవాలి. సోయా సాస్‌లో కలిపేస్తే దాని ఘాటు తగ్గిపోతుంది, సాస్ వాసనా చెడుతుంది.

ఏ క్రమంలో తినాలన్న దానికి ఇక్కడ నియమం లేదు, పిల్లలు గుడ్డు సుషీతో మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అయినా చప్పని రుచి నుంచి గాఢమైన రుచికి వెళ్లడంలో న్యాయం ఉంది, ఎందుకంటే కొవ్వు ఒకసారి నాలుకకు పట్టిందంటే ఆ తర్వాత తిన్న తెల్లచేప నీళ్లలా అనిపిస్తుంది. అందుకని తై అనే తెల్లచేప, స్క్విడ్, రొయ్య వంటివాటితో ఆరంభించి, ఎర్రని ట్యూనా, అజి చేప మీదుగా సాల్మన్, హమాచి చేప, కొవ్వు ట్యూనాలకు వెళ్లి, చివరలో తీపి సాస్ పూసిన ఆనగో అనే సముద్రపు ఈల్ చేప, గుడ్డు, నోరిలో చుట్టిన సుషీ చుట్టలు తినడం నాకు సరైనదనిపిస్తుంది. ఈ క్రమాన్ని దాటించే హక్కు రెండు రకాలకు ఉంది. ఒకటి గున్‌కాన్, అంటే అన్నం చుట్టూ నోరి కట్టి పైన చేపగుడ్లో ట్యూనా కీమానో నింపినది. నోరి తడి తగిలిన నిమిషాలలోనే మెత్తబడుతుంది కనుక అది ఏ ప్లేటుతో కలిసి వచ్చినా ముందు దాన్నే తినాలి. రెండవది పైన మంట చూపించి కాల్చిన అబురి రకం. కరిగిన కొవ్వు తిరిగి గడ్డకట్టేలోగా తింటేనే దానికి అర్థం ఉంటుంది.

ధర తక్కువగా ఉండి రుచి ఎక్కువగా ఉన్న వాటిని ఎంచుకోవడంలో నేర్పు ఉంది. ఒకే ధరకు ట్యూనా తీసుకోవడంకన్నా, ఆ ఋతువులో దొరికే చేపను తీసుకోవడం లాభమని నా నమ్మకం. తెర మీద ప్రత్యేక వంటకాల పేజీ ఒకటి ఉంటుంది, అది కొన్ని వారాలకొకసారి మారుతుంది. చలికాలంలో కొవ్వు పట్టిన హమాచి, ఎండాకాలం ఆరంభంలో అజి, శరత్కాలంలో సాన్మా చేప, ఇవి ఆ పేజీలో కనిపించినప్పుడు విడిచిపెట్టకూడదు. వెనిగర్‌లో ఊరవేసిన సబా చేప, దానిని షిమెసబా అంటారు, చవక ప్లేట్లలో అన్నిటికన్నా పనితనం కనిపించే రకం. మొదటిసారి దాని వాసన కాస్త ఘాటుగా అనిపించవచ్చు.

బెల్టు మీద ఇప్పటికీ సుషీ తిరిగే దుకాణాలలో పాటించవలసిన మర్యాద కొద్దిదే. ప్లేటును ఒకసారి ముట్టుకున్నామంటే అది మనదే, తిరిగి పెట్టకూడదు. ఇంకొకరు ఆర్డరు చేసినది గుర్తు ఉన్న వేరే రంగు పీట మీద వస్తుంది, దాన్ని తీసుకోకూడదు. సోయా సాస్ సీసా నోటిని, అందరికీ కలిపి పెట్టిన కప్పులను అవసరం లేకుండా తాకకూడదు. 2023 జనవరిలో సుషిరో శాఖ ఒకదానిలో ఒక కుర్రవాడు సీసాను నాకుతూ తీసిన వీడియో దేశమంతా పాకిన తర్వాత ఈ విషయంలో పట్టింపు బాగా పెరిగింది. సుషిరో అప్పటి నుంచి తిప్పడం ఆపి ఆర్డరు చేసినవే పంపడం మొదలుపెట్టింది. పాత అందం తగ్గిందని బాధపడేవారు ఉన్నారు, వారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ తాజాదనం దృష్టితో చూస్తే తినేవారికి ఆ మార్పు వల్ల మేలే జరిగింది. కురా సుషీలో తిరిగే ప్లేట్ల మీద పారదర్శకమైన మూత ఉంటుంది. మూతను చేతితో తెరవనక్కరలేదు, ప్లేటు అంచు పట్టుకుని కొద్దిగా పైకి లేపితే అదే తెరుచుకుంటుంది.

తినడం

చేతితో తినడం తప్పు కాదు, బండి దగ్గర తినే రోజుల నుంచి వస్తున్న పద్ధతి అది. చాప్‌స్టిక్స్ అలవాటు లేనివారు వాటితో కుస్తీ పట్టడంకన్నా తడి రుమాలుతో వేళ్లు తుడుచుకుని హాయిగా చేతితో తినడం మేలు. ముద్దను పక్కకు వాల్చి, చేప కొసను మాత్రమే సోయా సాస్‌కు తాకించి, ఒకే దఫా నోట్లో పెట్టుకోవాలి. అన్నాన్ని సాస్‌లో ముంచితే అది స్పంజిలా పీల్చుకుని విడిపోతుంది, ఉప్పు తప్ప మరేమీ తెలియదు. గున్‌కాన్‌ను వాల్చడం కుదరదు కనుక అల్లం ముక్కను సాస్‌లో తడిపి దానితో పైన అద్దవచ్చు. తీపి సాస్ పూసి వచ్చిన ఆనగోకు, నిమ్మరసమూ ఉప్పూ చల్లి వచ్చిన వాటికి సోయా సాస్ అక్కరలేదు. అల్లం సుషీ మీద పెట్టుకుని తినేది కాదు, రెండు రకాల మధ్య నోటిని శుభ్రం చేసుకోవడానికి ఒక్కొక్క పొర తినేది.

పచ్చి చేప గురించి భయపడేవారికి ఒక మాట. సుషీలో ప్రధానంగా జాగ్రత్తపడవలసిన అనిసాకిస్ అనే పురుగు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో 24 గంటలు ఉంచితే చస్తుందని జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ చెబుతుంది. పెద్ద సంస్థలకు వచ్చే చేపలో అధిక భాగం గడ్డకట్టించి రవాణా చేసినదే. గడ్డకట్టించిన చేప అంటే తక్కువ రకమనుకోవడం సరికాదు, చవకలో ఇంత భద్రంగా పచ్చి చేప తినగలగడానికి అదే కారణం. గర్భిణులు మాత్రం ఇంకొకటి గమనించాలి: పాదరసం దృష్ట్యా కురోమగురో, మెబాచి రకాల ట్యూనాను వారానికి ఒకసారి, దాదాపు 80 గ్రాములకు పరిమితం చేసుకోవాలని అదే మంత్రిత్వ శాఖ సూచిస్తుంది. పచ్చివి తినవచ్చా అన్నది వైద్యుల్ని అడిగి నిర్ణయించుకోవాలి. ఉడికించిన రొయ్య, ఆనగో, గుడ్డు, కూరగాయల చుట్టలతోనే ఒక పూట భోజనం చక్కగా గడుస్తుంది. గోధుమ పడనివారు సోయా సాస్ తయారీలో సాధారణంగా గోధుమ వాడతారని మరచిపోకూడదు.

శాకాహారులకు ఈ దుకాణం తేలిక కాదు, ఆ విషయం ముందే స్పష్టంగా చెప్పడం మంచిది. కీరదోస చుట్ట అయిన కప్పామకి, పులియబెట్టిన సోయా గింజల నట్టోమకి చూడటానికి నిశ్చింతగానే ఉంటాయి, అయితే నట్టోతో వచ్చే సాస్‌లో చేపసారం ఉండవచ్చు. తీపిగా వండిన టోఫు సంచిలో అన్నం నింపిన ఇనారి, ఎండబెట్టిన సొరకాయ పొరలను ఉడికించి చుట్టిన కన్‌ప్యో, గుడ్డు అట్టు, మిసో సూప్, ఇవన్నీ కంటికి శాకాహారంగా కనిపిస్తాయి, కానీ వీటిలో చాలావాటికి రుచినిచ్చేది దాషి, అంటే ఎక్కువగా ఎండబెట్టిన కత్సువో చేప తురుముతో కాచిన రసం. మొక్కజొన్న గున్‌కాన్‌లోని మయొనీస్‌లో గుడ్డు ఉంటుంది. చేపసారాన్ని కూడా మానినవారికి నికరంగా మిగిలేవి కీరదోస చుట్ట, ఉడికించిన పచ్చి సోయా కాయలు, కొన్ని శాఖలలో వంకాయ సుషీ, పండ్లు మాత్రమే. వంకాయ మీద పూసిన సాస్ గురించి కూడా అడగాలి. కలిసి వెళ్లిన బృందంలో కఠిన శాకాహారులు ఉంటే మరో చోటు చూసుకోవడమే వారిపట్ల గౌరవం.

బెల్టు లేని చిన్న దుకాణం

ఇళ్ల మధ్య, గుమ్మానికి చిన్న గుడ్డ తెర వేలాడదీసి, వృద్ధ దంపతులు నడుపుకునే సుషీ దుకాణాలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ తెర బయట వేలాడుతుంటే దుకాణం తెరిచి ఉన్నట్లు. వీటిలోకి అడుగుపెట్టడానికి కొత్తవారు జంకుతారు, కానీ మధ్యాహ్న భోజన వేళలో జంకవలసిన పని లేదు. ఒక మనిషికి సరిపడా సుషీని మూడు తరగతులుగా, నమి, జో, తొకుజో అని, ధర రాసి అమ్ముతారు. నమి అంటే సాధారణం. మొదటిసారి వెళ్లినవారు నమి అడగడంలో చిన్నతనం ఏమీ లేదు, ఆ వంటవారి అన్నం ఎలాంటిదో తెలుసుకోవడానికి అది చాలు. రాత్రి వెళ్లి, ఒక్కొక్క ముక్కా విడిగా అడగదలచుకుంటే గోడమీది పలకలు చూడాలి. ధర ఉండవలసిన చోట ‘జికా’ అని, అంటే ఆనాటి బజారు ధర అని రాసి ఉంటే, అడగకుండా తెప్పించుకోకూడదు. అడగడం అమర్యాద కాదు. ఘాటైన అత్తరు పూసుకుని వెళ్లకూడదు, కౌంటరు మీద ఫోను పెట్టకూడదు, ఎదుట పెట్టిన ముక్కను ఫొటోల కోసం ఆరనివ్వకూడదు. వేళను కనిపెట్టుకునే పని ఇక్కడ వంటవారిదే అయినా, వారు చేసి పెట్టిన వెంటనే తినడం మన వంతు.

డబ్బు చెల్లించడం

బెల్టు దుకాణంలో ఖాళీ ప్లేట్లను బెల్టు మీదికి తిరిగి పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచాలి. కురా సుషీలో మాత్రం బల్ల అంచున ఉన్న గంటులో వేయాలి. ఐదు ప్లేట్లు వేసిన ప్రతిసారీ తెర మీద చిన్న ఆట వస్తుంది, గెలిస్తే బొమ్మ దొరుకుతుంది, పిల్లలు దానికోసమే తింటారు. తినడం ముగిశాక తెర మీద లెక్క మీట నొక్కితే, ప్లేట్లను లెక్కించడానికి పనివారు వస్తారు లేదా యంత్రమే లెక్క చూపుతుంది. ప్లేట్ల రంగును బట్టి ధర మారే దుకాణంలో రంగులవారీగా పేర్చిపెడితే వారి పని తేలికవుతుంది. చీటీ తీసుకుని గుమ్మం దగ్గరి యంత్రంలో చెల్లించాలి. చిన్న దుకాణంలో అయితే ‘ఒకాయికే ఒనెగాయిషిమాసు’ అని లెక్క అడిగి, వెళ్లేటప్పుడు ‘గొచిసోసమా దేషిత’ అని వంటవారికి వినబడేలా చెప్పాలి. చిన్న దుకాణాలలో కార్డు తీసుకోనివి ఉన్నాయి కనుక నోట్లు దగ్గర ఉంచుకోవాలి. టిప్పు ఇచ్చే ఆచారం జపాన్‌లో లేదు, బల్ల మీద చిల్లర వదిలితే మరచిపోయారనుకుని వెనక పరుగెత్తుకొస్తారు.

మిగిలినవి ఇంటికి తీసుకెళ్లే అవకాశం లేదనే అనుకుని ఆర్డరు చేయాలి, ఎందుకంటే పచ్చి చేప విషయంలో దుకాణాలు దానికి ఒప్పుకోవు. ఇంట్లోవారికి కావాలంటే మొదటే పార్సిల్‌గా విడిగా చెప్పాలి. లోపల తింటే వినియోగ పన్ను 10 శాతం, పార్సిల్‌కు 8 శాతం. పార్సిల్‌తో ఇచ్చే పెట్టె మీద తినవలసిన గడువు రాసి ఉంటుంది, దాన్ని పాటించాలి. దారిలో మరో పని పెట్టుకోకుండా నేరుగా ఇంటికి వెళ్లాలి.